యాన్ కాట్‌ని ఇప్పుడు ఎందుకు చదవాలి, ఎలా చదవాలి?

మీరు రంగస్థల కళల్లో ఎం.ఏ. చేస్తున్నానని, 'కింగ్ లియర్' మీద ప్రాజెక్టు రాస్తున్నానని చెప్పారు. ఏ పుస్తకం తెరిచినా యాన్ కాట్ అనే పోలిష్ ఆచార్యుడి పేరు ఎదురవుతోందని, ఆయన ఎవరో చెప్పమని, షేక్‌స్పియర్ మీద ఆయన రాసిన, అరవై ఏళ్లు దాటిన పుస్తకం ఇప్పుడు పట్టుకోవడం అవసరమా, చదివితే ఏ వరసలో చదవాలి అని అడిగారు. చివర్లో ఇంకో మాట చేర్చారు: "ఆయన ఒకప్పుడు స్టాలిన్‌ని సమర్థించాడట. అలాంటాయన దగ్గర మనం నేర్చుకునేదేముంటుంది?"

నేను చాలాకాలం నాటకం పాఠాలు చెప్పాను. షేక్‌స్పియర్‌ని విద్యార్థులకు ఎలా చెప్పాలో నాకు నేర్పినవాళ్లలో కాట్ ఒకరు. ఆయన్ని నేను చూడలేదు, పుస్తకాల్లోనే పరిచయం. మీ ప్రశ్నల్లో చివరిదాన్నే ముందు తీసుకుంటాను. దానికి జవాబు దొరికితేగాని మిగతావి అర్థం కావు.

కాట్ 1914లో వార్సాలో పుట్టాడు. యూదు కుటుంబం. చిన్నప్పుడే కాథలిక్‌గా బాప్తిస్మం ఇప్పించారు. వార్సా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి, యుద్ధానికి ముందు పారిస్ వెళ్లి అక్కడి సర్రియలిస్టు కవులతో తిరిగాడు. 1939 సెప్టెంబరులో జర్మనీ దాడి చేసినప్పుడు సైన్యంలో ఉన్నాడు. ఆ తర్వాత సోవియట్ల చేతిలో ఉన్న ల్వూవ్ నగరం, అక్కణ్ణించి మళ్లీ జర్మన్ల ఆక్రమణలో ఉన్న వార్సా. అక్కడ కమ్యూనిస్టుల రహస్య ప్రతిఘటనలో చేరాడు. ఆయన భార్య లిదియా గణితజ్ఞుడు హ్యూగో స్టైన్‌హౌస్ కూతురు. గణితం చదివినవాళ్లకు 'బానాక్ స్పేస్' తెలిసే ఉంటుంది. ఆ స్టెఫాన్ బానాక్ ప్రతిభను గుర్తించి లోకానికి చూపించినవాడు ఈ స్టైన్‌హౌసే. సరే, అది పక్క దారి.

యుద్ధం అయ్యాక వార్సా శిథిలాల గుట్ట. అందుకని రచయితలు, పత్రికలు చాలామటుకు వూడ్జ్ నగరంలో దిగారు. అక్కడ 1945లో 'కుజ్నిత్సా' అనే మార్క్సిస్టు వారపత్రిక మొదలైంది. కాట్ దాని స్థాపకుల్లో ఒకడు. కొత్త ప్రభుత్వపు సాంస్కృతిక విధానానికి గొంతు ఇచ్చినవాళ్లలో ముందు వరసలో ఉన్నాడు. మీరు చదివింది నిజమే. దాన్ని మెత్తబరచి చెప్పాల్సిన పని లేదు.

ఆ రోజుల్లో ఆయన రాసిన ఒక వ్యాసం సంగతి చెప్పాలి. పోలిష్ మూలాలున్న ఇంగ్లీషు నవలాకారుడు జోసెఫ్ కాన్రాడ్ నవలల మీద రాశాడు. కాన్రాడ్ కథానాయకులు ఇచ్చిన మాటకు కట్టుబడతారు, ఓడ మునుగుతున్నా తమ చోటు వదలరు. ఆ విశ్వాసపాత్రత ఎవరికి పనికొచ్చింది, ఓడ యజమానులకే కదా అని కాట్ వాదించాడు. పైకి ఇది సాహిత్య చర్చలాగే ఉంటుంది. కానీ అప్పటి పోలెండ్‌లో దాన్ని అలా చదివినవాళ్లు లేరు. 1944లో జర్మన్ల మీద జరిగిన వార్సా తిరుగుబాటులో 'హోమ్ ఆర్మీ' అనే రహస్య సైన్యం పేరుతో పోరాడిన యువకులు కాన్రాడ్‌ని చదువుకుని పెరిగిన తరం. నగరం కూలిపోతున్నా చోటు వదలనివాళ్లు. యుద్ధం ముగిశాక కొత్త కమ్యూనిస్టు ప్రభుత్వం వాళ్లనే జైళ్లలో వేస్తోంది. అలాంటి సమయంలో "ఆ విశ్వాసం ఉత్త గుడ్డితనం" అనడమంటే చచ్చినవాళ్ల మీదా, జైల్లో ఉన్నవాళ్ల మీదా రాయి వేయడమే. నవలాకారిణి మరియా దొంబ్రోవ్‌స్కా దానికి దీటుగా జవాబు రాసింది. ఆ వాదంలో నేను ఆవిడ పక్షం. ఎన్నిసార్లు ఆలోచించినా అదే తేలుతుంది నాకు.

ఇక్కడ ఆపేస్తే కాట్‌ని పక్కన పెట్టేయొచ్చు. ఆపకూడదు. 1956 ఫిబ్రవరిలో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ ఇరవయ్యో మహాసభలో ఆ పార్టీ నాయకుడు క్రుశ్చేవ్ స్టాలిన్ నేరాల గురించి మాట్లాడాడు. అదే ఏడాది జూన్‌లో పోలెండ్‌లోని పోజ్నాన్ నగరంలో కార్మికుల మీద కాల్పులు, అక్టోబరులో పోలిష్ పార్టీ నాయకుడిగా గొముల్కా రాక. కొన్నాళ్లపాటు గాలి ఆడినట్టయింది. మరుసటి ఏడే 'యూరోపా' అనే కొత్త సాహిత్య పత్రికను అచ్చుకు రాకుండానే నిషేధించారు. దానికి నిరసనగా కొందరు రచయితలు పార్టీ వదిలేశారు. వాళ్లలో కాట్ ఒకడు. 1964లో సెన్సార్‌షిప్‌కి, పుస్తకాలకు ఇచ్చే కాగితంలో కోతకు వ్యతిరేకంగా 34 మంది మేధావులు ప్రధానమంత్రికి ఉత్తరం రాశారు. ఉత్తరం మొత్తం రెండే రెండు వాక్యాలు. ఆ సంతకాల్లో దొంబ్రోవ్‌స్కా పేరు ఉంది, కాట్ పేరూ ఉంది. కాన్రాడ్ దగ్గర ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరూ ఇరవై ఏళ్లు తిరక్కుండానే ఒకే కాగితం మీద సంతకం చేశారు. పోలెండ్ సాహిత్య చరిత్రలో నాకు చాలా ఇష్టమైన కాగితం అది.

ఇప్పుడు షేక్‌స్పియర్ దగ్గరకు వద్దాం. కాట్ షేక్‌స్పియర్ వ్యాసాలు 1961లో పోలిష్‌లో పుస్తకంగా వచ్చాయి. మరుసటి ఏడు ఫ్రెంచిలోకి, 1964లో ఇంగ్లీషులోకి వెళ్లాయి. ఇంగ్లీషులో దాని పేరు 'షేక్‌స్పియర్ అవర్ కాంటెంపరరీ', అంటే 'షేక్‌స్పియర్ మన సమకాలీనుడు'. అనువాదకుడు బొలెస్వావ్ తాబోర్‌స్కి అనే కవి, ముందుమాట ఇంగ్లీషు నాటక దర్శకుడు పీటర్ బ్రూక్‌ది. దాని మొదటి పెద్ద వ్యాసం రాజుల మీద, అంటే 'రిచర్డ్ 2' నుంచి 'రిచర్డ్ 3' దాకా ఉన్న చారిత్రక నాటకాల మీద. అందులో ఆయన చెప్పింది తేలిక మాటల్లో ఇది: ఈ నాటకాలన్నిటిలోనూ ఒకటే మెట్ల వరస ఉంది. దాని పైన కిరీటం. ఒకడు ఎక్కడం మొదలుపెడతాడు, న్యాయం పేరు చెప్పే ఎక్కుతాడు. ప్రతి మెట్టు మీదా ఒక హత్యో ఒక ద్రోహమో జరుగుతుంది. పైకి చేరాక అతను ఎవరిని దించేశాడో అచ్చం వాళ్లలాగే తయారవుతాడు. ఆ సరికి కింది మెట్టు మీద ఇంకొకడు కాలు పెడతాడు, అతనూ న్యాయం పేరే చెబుతాడు. రాజుల పేర్లు మారతాయి, మెట్లు మారవు. దీనికి ఆయన 'మహా యంత్రం' అని పేరు పెట్టాడు.

ఈ మాట ఎవరైనా చెప్పొచ్చు, రాజకీయాల మీద విసుగు పుట్టినవాళ్లందరూ చెబుతూనే ఉంటారు. కాట్ దగ్గర తేడా ఏమిటంటే, ఆయన ఆ మెట్ల పక్కన నిలబడి చూసినవాడు కాదు. కొన్ని మెట్లు తనూ ఎక్కాడు. న్యాయం పేరు చెప్పి ఎక్కేవాళ్ల వెనకాల నిలబడి, వాళ్ల కోసం వ్యాసాలు రాశాడు. రాజుగారి కొత్త మాటలకు పండితుల భాష తొడిగే పని ఎలా ఉంటుందో ఆయనకు లోపల్నుంచి తెలుసు. అందుకే ఆయన రిచర్డ్ కంటే రిచర్డ్ చుట్టూ ఉన్న చిన్న మనుషుల్ని బాగా చదువుతాడు. మౌనంగా ఉండే మంత్రులు, సరే అని తల ఊపే బిషప్పు, అమాయకంగా నవ్వుతూ సమావేశానికి వెళ్లే హేస్టింగ్స్. మీ చివరి ప్రశ్నకు నా జవాబు ఇదే. ఆయన పాత జీవితాన్ని తీసేసి పుస్తకాన్ని ఉంచుకోలేం. ఆ పుస్తకానికి కావలసిన జ్ఞానం ఆయనకు వచ్చిందే ఆ జీవితంలోంచి. అలాగని పుస్తకం బాగుంది కాబట్టి 1945 నాటి వ్యాసం మాఫీ అయిపోదు. రెంటినీ పక్కపక్కన పెట్టుకునే చదవండి.

హేస్టింగ్స్ సంగతి వచ్చింది కాబట్టి కాస్త ఆగుతాను. తరగతిలో కాట్‌ని పరిచయం చేయాలంటే నేనెప్పుడూ ఇక్కణ్ణించే మొదలుపెట్టేదాన్ని. 'రిచర్డ్ 3' మూడో అంకం. తెల్లవారుజామున నాలుగింటికి హేస్టింగ్స్ ఇంటి తలుపు ఎవరో తడతారు. స్టాన్లీ అనే ఇంకో ప్రభువు పంపిన మనిషి. దొరగారికి చెడ్డ కల వచ్చింది, పారిపోదాం రమ్మంటున్నారు అని చెబుతాడు. హేస్టింగ్స్ నవ్వేసి, మనకేం భయం, రిచర్డ్ మన మిత్రుడే అని మళ్లీ మామూలుగా సభ జరిగే లండన్ టవర్ కోటకి బయల్దేరతాడు. అక్కడ సభలో రిచర్డ్ ఎంతో ఉల్లాసంగా వచ్చి, బిషప్పుగారి తోటలో స్ట్రాబెర్రీలు బాగుంటాయట, కొన్ని తెప్పించండి అంటాడు. ఇంకాసేపటికి హేస్టింగ్స్ ద్రోహి అని తేల్చి, అతని తల చూస్తేగాని భోజనం చేయనంటాడు. అంతే. మధ్యాహ్నం భోజనానికి ముందే అంతా అయిపోతుంది.

ఈ దృశ్యాన్ని ఇంగ్లండులో ఎంతోమంది పండితులు ఛందస్సు దగ్గర్నుంచి చారిత్రక ఆధారాల దాకా విశ్లేషించారు. కాట్ మాత్రం ఆ నాలుగు గంటల తలుపు చప్పుడు దగ్గర ఆగాడు. జీవితంలో ఒక్కసారైనా అలా నిద్రలేవనివాళ్లు ఎవరున్నారు అని పాఠకుణ్ణి అడిగాడు. బ్రూక్ తన ముందుమాటలో సరిగ్గా దీన్నే పట్టుకున్నాడు: తన పాఠకులు ప్రతి ఒక్కరినీ ఎప్పుడో ఒకప్పుడు అర్ధరాత్రి పోలీసులు లేపే ఉంటారని అనుకుని ఎలిజబెతన్ నాటకాల గురించి రాసినవాడు ఈయనొక్కడే అన్నాడు. బ్రూక్ కాట్‌ని కలిసిన తీరు కూడా అందులోనే ఉంది. వార్సాలో ఒక నైట్‌క్లబ్‌లో, విద్యార్థుల గుంపు మధ్య కూర్చున్న మనిషితో పరిచయమైంది. వాళ్ల కళ్లముందే పోలీసులు ఒక అమ్మాయిని పొరపాటున అరెస్టు చేశారు. కాట్ ఆమె తరఫున లేచాడు. ఆమెను విడిపించడానికి తిరిగి తిరిగి, తెల్లవారుజామున నాలుగింటికి ఇద్దరూ పోలీసు ప్రధాన కార్యాలయంలో తేలారు. పోలీసులు ఈయన్ని "ప్రొఫెసర్" అని పిలవడం బ్రూక్ అప్పుడే గమనించాడు. ఇంటికి నడుస్తూ, దేనికి ప్రొఫెసర్ అని అడిగితే, నాటకానికి అన్నాడట.

హేస్టింగ్స్ చనిపోయిన తర్వాత వచ్చే చిన్న దృశ్యాన్ని మాత్రం వదలకండి. రంగం మీదికి ఒక లేఖకుడు ఒంటరిగా వస్తాడు. చేతిలో హేస్టింగ్స్ మీద నేరారోపణ పత్రం, చక్కటి దస్తూరీతో సాఫు ప్రతి. ఇది రాయడానికి నాకు పదకొండు గంటలు పట్టింది, అసలు చిత్తుప్రతి తయారవడానికి అంతే సమయం పట్టి ఉంటుంది, కానీ అయిదు గంటల కిందటి దాకా హేస్టింగ్స్ మీద ఏ ఆరోపణా లేదే అని లెక్క చెబుతాడు. ఈ మోసం కనపడనంత మొద్దు ఎవడు, కనపడుతోందని అనే ధైర్యం ఎవడికి ఉంది అని వెళ్లిపోతాడు. పద్నాలుగు పంక్తులు. చాలా ప్రదర్శనల్లో దీన్ని నిడివి కోసం కోసేస్తారు. నా విద్యార్థులు కోస్తామంటే నేను ఒప్పుకునేదాన్ని కాదు. కాట్ చెప్పిన యంత్రమంతా ఆ గుమాస్తా చేతి కాగితంలోనే కనిపిస్తుంది.

'హామ్లెట్' వ్యాసం కూడా ఒక ప్రదర్శన చుట్టూ అల్లినదే. 1956లో క్రకోవ్‌లోని స్తారీ థియేటర్‌లో రోమన్ జవిస్తోవ్‌స్కి దర్శకత్వంలో 'హామ్లెట్' ఆడారు. కథ జరిగే డెన్మార్క్ రాజకోట ఎల్సినోర్‌లో ప్రతి తెర వెనకా ఎవరో ఒకరు వింటున్నారు. మంత్రి పొలోనియస్ పారిస్‌లో ఉన్న సొంత కొడుకు మీదే గూఢచారిని పంపుతాడు. చిన్ననాటి స్నేహితులు సమాచారం చేరవేయడానికి వస్తారు. డెన్మార్క్ ఒక జైలు అన్న మాట వచ్చేసరికి ఆ ఏడాది క్రకోవ్ ప్రేక్షకులకు ఎవరూ అర్థం చెప్పనక్కర్లేకపోయింది. కాట్ దీన్ని రాస్తూ, హామ్లెట్‌ని పూర్తిగా ఆడటం ఎవరివల్లా కాదని, ప్రతి ప్రదర్శనా కొంత ఏరుకుని కొంత వదిలేయాల్సిందేనని, ఏం ఏరుకున్నారన్నదాన్ని బట్టి ఆ కాలం తెలుస్తుందని అంటాడు. నా తరఫున ఒకటి చేరుస్తాను. నాటకం చివర్లో శవాల మధ్యకు సైన్యంతో వచ్చి సింహాసనం తీసుకునే ఫోర్టిన్‌బ్రాస్, షేక్‌స్పియర్ రాసిన ప్రకారమే, పోలెండ్ మీద యుద్ధం గెలిచి వస్తున్నాడు. మనం చదివేటప్పుడు ఆ ముక్క కంటికి ఆనదు. పోలెండ్‌లో కూర్చుని చూసేవాడికి ఆనకుండా ఎలా ఉంటుంది?

ఇక మీ ప్రాజెక్టు, 'కింగ్ లియర్'. కాట్ వ్యాసం దాన్ని ఇరవయ్యో శతాబ్దపు ఐరిష్ రచయిత బెకెట్ నాటకం 'ఎండ్‌గేమ్' పక్కన పెడుతుంది. వ్యాసానికి గుండెకాయ లాంటిది గ్లౌస్టర్ దూకే దృశ్యం. కళ్లు పీకించుకున్న ముసలి ప్రభువు గ్లౌస్టర్ చనిపోదామని డోవర్ కొండ అంచుకు తీసుకెళ్లమంటాడు. మారువేషంలో ఉన్న కొడుకు ఎడ్గర్ చేయి పట్టుకుని నడిపిస్తాడు. ఎత్తు ఎక్కుతున్నాం, కింద సముద్రం వినపడుతోందా, ఒడ్డున బెస్తవాళ్లు ఎలుకల్లా ఉన్నారు అంటాడు. నిజానికి అక్కడ కొండ లేదు, చదునైన రంగస్థలం. గ్లౌస్టర్ దేవతలకు చివరి మాట చెప్పుకుని దూకుతాడు, ఉన్నచోటే బోర్లా పడతాడు.

ఈ దృశ్యాన్ని వాస్తవిక రంగాలంకరణతో ఆడటం కుదరదని కాట్ మొదటి మాటగా చెబుతాడు. కొండ నిజంగా కనిపిస్తే దృశ్యం చచ్చిపోతుంది. ఖాళీ వేదిక అయితేనే ప్రేక్షకుడు ఒకేసారి రెండు చూస్తాడు: గ్లౌస్టర్‌కి ఉన్న కొండనీ, లేని కొండనీ. రెండో మాట ఇంకా లోతుకు పోతుంది. దేవతలు ఉంటే ఆ ఆత్మహత్య వాళ్లమీద తిరుగుబాటు. లేకపోతే? ఒక ముసలాయన చదును నేల మీద ఒక గెంతు గెంతి పడ్డాడు, అంతే. విషాదం ఉండాల్సిన చోటికి వికటమైన నవ్వు వచ్చి కూర్చుంటుంది. అయినా మనం నవ్వలేం. బెకెట్ నాటకాల్లో మనుషులు ఉన్న స్థితి ఇదేనని కాట్ అంటాడు.

మీరు దీన్ని కాగితం మీద చదివి వదిలేయొద్దు. ఇద్దర్ని తీసుకుని తరగతి గదిలో నేల మీద చేసి చూడండి. ఒకరి కళ్లకు గుడ్డ కట్టండి, రెండోవాళ్లు మాటలతోనే కొండ కట్టాలి. నేను చేయించినప్పుడు గుర్తించింది ఏమిటంటే, దూకే మనిషి కంటే పక్కన నిలబడ్డ ఎడ్గర్‌ని ఆడటం కష్టం. అతను తండ్రిని మోసం చేస్తున్నాడు, బతికించడానికే చేస్తున్నాడు, ఒక్క క్షణం తేడా వస్తే నిజంగానే చంపేస్తానేమో అని వణుకుతున్నాడు. కాట్ ఈ ఎడ్గర్ గురించి తక్కువ మాట్లాడాడు. అది ఆయన వ్యాసంలో నాకు కనిపించే పెద్ద లోటు. ఆ లోటు ఎక్కడికి దారి తీసిందో బ్రూక్ ప్రదర్శనలో కనిపిస్తుంది.

1962లో స్ట్రాట్‌ఫర్డ్‌లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీకి బ్రూక్ 'లియర్' చేశాడు, పాల్ స్కోఫీల్డ్ లియర్. కాట్ వ్యాసం ప్రభావం దానిమీద ఉందని చాలామంది ఒప్పుకుంటారు. గ్లౌస్టర్ కళ్లు పీకిన తర్వాత మూలంలో ఇద్దరు సేవకులు మిగులుతారు. ఆ రక్తం కారే ముఖానికి గుడ్డ, గుడ్డుసొన రాస్తాం అని, అతన్ని నడిపించడానికి ఎవరినైనా వెతుకుతాం అని మాట్లాడుకుంటారు. బ్రూక్ ఆ మాటలు తీసేశాడు. గుడ్డివాడైన గ్లౌస్టర్ తడుముకుంటూ వెళ్తుంటే ఎవరూ సాయం పట్టలేదు, ప్రేక్షకుల మీద హాలు దీపాలు వెలిగాయి. విరామం. చూసినవాళ్లు ఆ వెలుగులో ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోవాల్సి వచ్చింది. రంగస్థల చరిత్రలో గొప్ప నిర్ణయాల్లో అదొకటి, కాదనను. కానీ షేక్‌స్పియర్ ఆ సేవకుల్ని ఊరికే రాయలేదు కదా. అంత క్రూరత్వం జరిగిన ఇంట్లోనే, పేర్లు కూడా లేని ఇద్దరు మనుషులు గుడ్డ కోసం పరిగెత్తారు. ఇంకొక సేవకుడు అంతకు ముందే యజమాని మీద కత్తి దూసి ప్రాణం పోగొట్టుకున్నాడు. కాట్ కళ్లద్దాలతో చూస్తే వీళ్లు సరిగా కనపడరు. లియర్ చిన్న కూతురు కోర్డీలియా తండ్రిని క్షమించే దృశ్యం కూడా ఆయన వ్యాసంలో మసకబారిపోతుంది. మీ ప్రాజెక్టుకు నేను ఇచ్చే సలహా ఇదే: ఆ దృశ్యాన్ని సేవకులతో ఒకసారి, సేవకులు లేకుండా ఒకసారి చేయించి, చూసినవాళ్లు ఏం చెప్పారో రాసుకోండి. కాట్ ఏం ఇచ్చాడో, ఏం తీసుకున్నాడో ఆ రెండు ప్రదర్శనల మధ్య తేలుతుంది.

ఇంకో హెచ్చరిక. "మన సమకాలీనుడు" అన్న మాట పట్టుకుని హామ్లెట్‌కి జీన్స్ తొడిగేవాళ్లు, లియర్ చేతికి సెల్‌ఫోన్ ఇచ్చేవాళ్లు అన్ని దేశాల్లోనూ తయారయ్యారు. మన పరిషత్తు నాటకాల్లోనూ పాత కథకు ఇవాళ్టి దుస్తులు వేసి కొత్తదనం వచ్చిందనుకోవడం చూస్తూనే ఉన్నాం. కాట్ అడిగింది దుస్తుల గురించి కాదు. నాటకంలోని ఏ మాట ఇవాళ ఈ ఊళ్లో ఈ ప్రేక్షకుడి ఒంటికి తగులుతుంది అని అడిగాడు. క్రకోవ్‌లో తగిలిన మాట మనకు తగలకపోవచ్చు. మనకు తగిలేది ఇంకేదో ఉంటుంది. దాన్ని వెతకడం మీ పని. ఆయన జవాబుల్ని తెచ్చి అతికిస్తే ఆయన్ని చదవనట్టే.

తర్వాత జీవితం సంగతి. 1966లో అమెరికా వెళ్లాడు, మొదట పాఠాలు చెప్పడానికే. ఈలోపు పోలెండ్‌లో పరిస్థితి తిరగబడింది. వార్సా నేషనల్ థియేటర్‌లో కజిమియెష్ దేయ్‌మెక్ దర్శకత్వం వహించిన, పోలిష్ కవి మిత్‌స్కేవిచ్ రాసిన నాటకం 'జాది'ని 1968 జనవరి చివర్లో ఆపేయించారు. పందొమ్మిదో శతాబ్దపు నాటకం అది. అందులో రష్యా చక్రవర్తి జార్ దౌర్జన్యం మీద మాటలకు ప్రేక్షకులు మరీ గట్టిగా చప్పట్లు కొడుతున్నారని ప్రభుత్వానికి కోపం. చివరి ప్రదర్శన నుంచి విద్యార్థులు వీధిలోకి వచ్చారు, మార్చికల్లా విశ్వవిద్యాలయాల్లో లాఠీలు దిగాయి. ఆ వెనకే యూదుల మీద ప్రభుత్వమే నడిపిన ప్రచారం, వేలమంది దేశం విడిచిపోవడం. కాట్ తిరిగి వెళ్లలేదు. 1969లో అమెరికాలో ఆశ్రయం అడిగాడు. వార్సా విశ్వవిద్యాలయంలో ఆయన పదవి పోయింది. ఆ తర్వాత న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయంలో 1983 దాకా పాఠాలు చెప్పాడు. 2001 డిసెంబరులో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో కన్నుమూశాడు.

అమెరికాలో ఉండగా గ్రీకు విషాద నాటకాల మీద 'ది ఈటింగ్ ఆఫ్ ది గాడ్స్' రాశాడు. యూరిపిడీస్ 'బాకే' మీద వ్యాసం అందులో తలమానికం. జపాన్ నాటక రూపాలైన నో, కబుకి, బున్‌రాకుల మీద, గోగోల్ మీద, ఇబ్సెన్ మీద కూడా రాశాడు. ఆ వ్యాసాలు 'ది థియేటర్ ఆఫ్ ఎసెన్స్' పుస్తకంలో దొరుకుతాయి.

మన నాటకరంగంలో పోలెండ్ అనగానే దర్శకుడు, నటశిక్షకుడు గ్రొటోవ్‌స్కి గుర్తొస్తాడు. ఆయన 1960లో ఒపోలె పట్టణంలో కాళిదాసు 'శాకుంతలం' చేశాడు, భారతదేశానికి చాలాసార్లు వచ్చాడు, బెంగాలీ నాటకకర్త బాదల్ సర్కార్ లాంటివాళ్ల మీద ఆయన ముద్ర ఉంది. అందుకని ఆయన మీద మనకు గురుభావం ఎక్కువ. కాట్‌కి ఆ భావం లేదు. గ్రొటోవ్‌స్కి నటుల నైపుణ్యాన్ని గౌరవిస్తూనే, ఈ పవిత్ర నృత్యంలో నేనెందుకు చేరాలి అని రాశాడు. ఒకసారి ఒక విశ్వాసానికి పూర్తిగా లొంగిపోయి బయటపడ్డ మనిషి కదా, నటుడి ఆత్మార్పణ అన్న మాట వినగానే ఆయన వెనక్కి జరిగాడు. గ్రొటోవ్‌స్కిని ప్రేమించే మిత్రులకు ఇది నచ్చదు. నటశిక్షణలో గ్రొటోవ్‌స్కి పద్ధతులు వాడే ప్రతి విద్యార్థీ దీన్ని చదివి తీరాలని నా అభిప్రాయం. మన గురుశిష్య సంప్రదాయంలో పెరిగిన పిల్లలకు ఈ ప్రశ్న మరీ అవసరం. ఇంకో పోలిష్ దర్శకుడు తదేయుష్ కాంతోర్ గురించి మాత్రం కాట్ ఎంతో ప్రేమగా రాశాడు. కాంతోర్ 1975లో చేసిన 'డెడ్ క్లాస్'లో ముసలివాళ్లు తమ చిన్ననాటి బొమ్మల్ని వీపున మోసుకుంటూ బడి బల్లల మీద కూర్చుంటారు. యుద్ధంలో పోయినవాళ్లు తిరిగివచ్చే చోటు అది. కాట్‌కి ఆ చోటు తెలుసు.

చదివే వరస అడిగారు కాబట్టి చెబుతాను. ముందు నాటకాలు. 'రిచర్డ్ 3', 'హామ్లెట్', 'లియర్' మూలంలో చదవకుండా కాట్ జోలికి వెళ్లొద్దు. వెళ్తే నాటకం బదులు ఆయన వ్యాసమే మనసులో పాతుకుపోతుంది, అంత బలంగా రాస్తాడు. తర్వాత రాజుల వ్యాసం, హామ్లెట్ వ్యాసం, లియర్ వ్యాసం, ఈ మూడూ ఇదే క్రమంలో. 'టైటస్ ఆండ్రోనికస్' మీద రాసిన చిన్న వ్యాసం కూడా చదవండి. 1957లో బ్రూక్ బృందం ఆ నాటకాన్ని వార్సా తెచ్చింది, లారెన్స్ ఒలివియే టైటస్, వివియన్ లీ లవీనియా. నరికిన చేతుల నుంచి రక్తానికి బదులు ఎర్ర రిబ్బన్లు వేలాడాయి. ఒక ప్రదర్శనను చూసి దాని గురించి ఎలా రాయాలో నేర్చుకోవడానికి అంతకంటే మంచి నమూనా నాకు తెలియదు. కామెడీల వ్యాసాలు తర్వాతైనా పర్వాలేదు. 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' వ్యాసం మరీ ఒక వైపుకు లాగి రాసినదని నాకనిపిస్తుంది. అడవిలో భయం, వాంఛ మాత్రమే చూశాడు, అల్లరి చూడలేదు.

ఆఖర్న ఆయన ఆత్మకథ 'స్టిల్ అలైవ్'. దాన్ని ముందే చదివితే ఆయన మీద జాలో కోపమో పుట్టి వ్యాసాల్ని సూటిగా చూడలేరు. వ్యాసాలయ్యాక చదివితే యుద్ధకాలపు వార్సా, పార్టీ రోజులు, గుండెపోట్లు అన్నీ ఎక్కడెక్కడ ఏ వాక్యంలోకి వెళ్లాయో మీకే తెలుస్తుంది. కాన్రాడ్ వ్యాసం సంగతి మనసులో పెట్టుకుని చదవండి. సేవకుల దృశ్యం రెండు విధాలా చేశాక ఏం జరిగిందో ఇక్కడ రాస్తే నాకూ తెలుసుకోవాలని ఉంది.